నల్లమలలో నడవడానికి చేతి జీపీఎస్: ఏది కొనాలి, కొన్నాక ఎలా వాడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఐదారుగురు కలిసి అటవీ శాఖ అనుమతితో నల్లమలలోనూ అరకు వైపు కొండల్లోనూ నడుస్తున్నారు. ఫోన్ ఛార్జింగ్ సాయంత్రం దాకా ఆగడం లేదు. ఒకసారి దిగేటప్పుడు పక్క వాగులోకి దిగిపోయి మూడు గంటలు తిరిగారు. ఇప్పుడు గార్మిన్ కంపెనీ చేతి జీపీఎస్‌లలో ఈట్రెక్స్ 22ఎక్స్ కొనాలా, 32ఎక్స్ కొనాలా, జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ దాకా వెళ్లాలా, లేక అమెరికా నుంచి వస్తున్న బావగారితో ఇన్‌రీచ్ తెప్పించుకోవాలా అన్నది సందేహం.

ఇన్‌రీచ్ సంగతి ముందు తేల్చేద్దాం. బావగారిని తేవద్దనండి. మామూలు చేతి జీపీఎస్ ఆకాశం నుంచి వచ్చే సంకేతాలను వింటుందే తప్ప తిరిగి ఏమీ పంపదు. ఇన్‌రీచ్ ఇరిడియం ఉపగ్రహాలకు మెసేజ్ పంపుతుంది. మన దేశంలో టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి లేకుండా అలాంటి పరికరం దగ్గర ఉంటేనే కేసు. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో బయటపడి విదేశీ ట్రెక్కర్లు ఇరుక్కున్న సందర్భాలు ఉన్నాయి. ‘ఆన్ చేయలేదు, ప్లాన్ కట్టలేదు’ అంటే అక్కడ ఎవరూ వినరు. గార్మిన్ చేతి యూనిట్లలో 66ఐ, 67ఐ, 700ఐ అని పేరు చివర ‘ఐ’ ఉంటే లోపల ఇన్‌రీచ్ ఉన్నట్టే. 67కీ 67ఐకీ పైకి పెద్ద తేడా కనిపించదు. ఏ మోడల్ తెప్పించుకున్నా పెట్టె మీది పేరు ఫొటో తీసి పంపమనండి, మీరు చూశాకే బిల్లు కట్టమనండి. అమెరికాలో అమ్మే యూనిట్‌లో ముందే వేసి ఇచ్చే వివరమైన మ్యాప్ అమెరికాదే అని కూడా గుర్తుంచుకోండి. నల్లమల ఉన్నచోట దాదాపు ఖాళీ తెర కనిపిస్తుంది. అది పెద్ద సమస్య కాదు, మ్యాప్ మనమే వేసుకోవచ్చు, కింద చెబుతాను. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

కొనేముందు ఇంకో మాట. నెలకు ఒక్కసారి, అదీ ఒక్కరోజు నడకే అయితే మీకు కొత్త యంత్రం అక్కర్లేదు. ఫోన్‌లో జీపీఎస్ పనిచేయడానికి సిమ్ గానీ టవర్ గానీ అవసరం లేదు. అడవిలో ఛార్జింగ్ తినేది జీపీఎస్ కాదు, లేని టవర్ కోసం ఫోన్ వెతుక్కోవడం. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచి, ఆఫ్‌లైన్ మ్యాప్ ఉన్న ఆస్‌మాండ్ లాంటి యాప్ వాడితే సాయంత్రానికి సగం ఛార్జింగ్ మిగులుతుంది. చేతి జీపీఎస్ అక్కరకొచ్చేది వేరే చోట. వాన పడుతున్నప్పుడు, చేతులు చెమటతో తడిసినప్పుడు టచ్ తెర పనిచేయదు, బటన్లు పనిచేస్తాయి. ఎండ నేరుగా పడితే ఫోన్ తెర కనిపించదు, దీని తెర ఎండలోనే ఇంకా బాగా కనిపిస్తుంది. రాయి మీద పడితే ఫోన్ పగులుతుంది, ఇది మామూలుగా పగలదు. సెల్లులు అయిపోతే జేబులోంచి రెండు తీసి వేసుకుంటారు. మీరు రెండు మూడు రోజుల నడకలు కూడా చేస్తున్నారు కాబట్టి కొనడం సబబే.

మోడళ్లకొద్దాం. 22ఎక్స్, 32ఎక్స్ రెండింటికీ 2.2 అంగుళాల తెర, 8 జీబీ మెమరీ, మైక్రో ఎస్‌డీ కార్డు చోటు, రెండు డబుల్ ఏ సెల్లులు. నీటి రక్షణ ఐపీఎక్స్7, అంటే మీటరు లోతులో అరగంట తట్టుకుంటుంది. 32ఎక్స్‌లో అదనంగా ఉండేవి రెండు: ఎలక్ట్రానిక్ దిక్సూచి, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే మీటరు. దిక్సూచి లేని 22ఎక్స్‌లో మీరు నిలబడి ఉన్నప్పుడు బాణం ఎటు చూపిస్తే అటు నమ్మకూడదు. నాలుగడుగులు వేస్తేనే మీరు ఎటు పోతున్నారో దానికి తెలుస్తుంది. పొదల మధ్య ఆగి ‘ఇప్పుడు ఎటు?’ అనుకునే చోటే దిక్సూచి పనికొస్తుంది. రేటు తేడా భరించగలిగితే 32ఎక్స్ తీసుకోండి. లేకపోతే 22ఎక్స్ తీసుకుని, మెడలో ఒక మామూలు ద్రవం నింపిన దిక్సూచి వేసుకోండి. నా లెక్కలో రెండోదే మేలు, ఆ దిక్సూచికి సెల్లులు అక్కర్లేదు.

65ఎస్‌లో అసలు లాభం రెండు పౌనఃపున్యాల మీద వినడం. పాత యూనిట్లు 1575.42 మెగాహెర్ట్జ్ మీది ఎల్1 ఒక్కటే వింటాయి. ఇది 1176.45 మీది ఎల్5 కూడా వింటుంది. లోయలో సంకేతం నేరుగా రాకుండా ఎదుటి బండకు తగిలి తిరిగొస్తే యంత్రం మిమ్మల్ని వాగుకు అవతలి ఒడ్డున చూపిస్తుంది. ఎల్5 ఉంటే అలాంటి దొంగ సంకేతాన్ని బాగా గుర్తుపడుతుంది. సలేశ్వరం లోయ, తుంబురు తీర్థం దారి, పాపికొండల ఇరుకు లాంటి చోట్ల తేడా తెలుస్తుంది. మామూలు టేకు అడవిలో, కొండ వాలు మీద 22ఎక్స్‌కూ దీనికీ తేడా మీ నడకను మార్చేంత ఉండదు. పైగా కంపెనీ లెక్కలోనే 22ఎక్స్‌కు 25 గంటలైతే 65ఎస్‌కు 16 గంటలే. మీరు తప్పింది యంత్రం పది మీటర్లు తప్పుగా చూపడం వల్ల కాదు, ఎక్కిన దారి ఎక్కడా నమోదు కాకపోవడం వల్ల. దానికి 22ఎక్స్ సరిపోతుంది. ఈట్రెక్స్ ఎస్‌ఈ చవగ్గా కనిపిస్తే తొందరపడకండి. ఛార్జింగ్ చాలా రోజులు వస్తుంది గానీ అందులో మ్యాప్ ఉండదు, గుర్తులూ గీతలే.

పాతది కొంటుంటే నాలుగు చూడండి. ఆరుబయట పెట్టి ఆన్ చేసి తేదీ చూడండి. జీపీఎస్ వారాల లెక్క 1024 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది, పోయినసారి అలా తిరిగింది 2019 ఏప్రిల్ 6న. సాఫ్ట్‌వేర్ పాతదైతే తేదీ సుమారు 19.6 ఏళ్లు వెనక్కి చూపిస్తుంది. ఉన్న చోటు సరిగ్గానే చెప్పవచ్చు, కానీ సూర్యాస్తమయం, ట్రాక్ (నడిచిన దారి గీత) తేదీలు అన్నీ తప్పు. తర్వాత సెల్లుల గది స్ప్రింగుల మీద తెల్లటి లేదా ఆకుపచ్చ పొడి ఉందేమో చూడండి. పక్కల చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఊడుతోందా చూడండి, దాని కిందే బటన్లుంటాయి, నీళ్లు అక్కడే దిగుతాయి. బొటనవేలితో తిప్పే చిన్న కర్ర నాలుగు వైపులా, నొక్కినప్పుడూ పనిచేస్తోందో లేదో పదిసార్లు నొక్కి చూడండి, ముందు అరిగేది అదే.

సెల్లుల దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కిరాణా కొట్లో గోడ గడియారానికని ఇచ్చే జింక్ కార్బన్ సెల్లులు దీనికి పనికిరావు. ఈ యంత్రం లాగే కరెంటుకు వాటి వోల్టేజి చటుక్కున పడిపోతుంది, కొత్తవి వేసినా కాసేపటికే ‘బ్యాటరీ లో’ అంటుంది. ఆల్కలైన్ సెల్లులు అత్యవసరానికి సరే. రోజూ వాడకానికి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్లులు, అందులోనూ పక్కన పెట్టినా ఛార్జ్ దిగని రకం, సుమారు 2000 ఎంఏహెచ్‌వి తీసుకోండి. పైన 3000, 4000 అని రాసిన చవక సెల్లుల అంకెలు నమ్మకండి. మొత్తం ఆరు కొనండి: యంత్రంలో రెండు, సంచిలో నాలుగు. రెండేసి జతకట్టి మార్కర్‌తో ‘క’, ‘ఖ’, ‘గ’ అని రాసుకోండి. ఒక జతలో ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బలహీనమైనది పూర్తిగా ఖాళీ అయ్యాక రెండోది దానిలోకి ఉల్టాగా కరెంటు తోసి పాడుచేస్తుంది. ఛార్జర్ కూడా ఒక్కో సెల్లును విడిగా చూసుకునే రకం కావాలి. జంటగానే ఛార్జ్ చేసే చవక ఛార్జర్‌లో ఒకటి పొంగుతుంది, ఒకటి సగంలో ఉంటుంది.

యంత్రం సెటప్‌లో బ్యాటరీ రకం అని ఒకటుంటుంది. రీఛార్జబుల్ సెల్లుకు 1.2 వోల్టులు, ఆల్కలైన్‌కు 1.5. మీరు రీఛార్జబుల్ వేసి సెటప్‌లో ఆల్కలైన్ అని వదిలేస్తే నిండుగా ఉన్నా సగమే చూపించి, చాలా ఛార్జ్ మిగిలి ఉండగానే హెచ్చరిక ఇస్తుంది. ఇప్పుడు 1.5 వోల్టుల లిథియం రీఛార్జబుల్ అని యూఎస్‌బీ పెట్టుకునే సెల్లులు వస్తున్నాయి. అవి చివరిదాకా ఒకే వోల్టేజి ఇచ్చి హఠాత్తుగా ఆగిపోతాయి, మీటరు నిండుగానే చూపిస్తుంటుంది. అడవికి అవి వద్దు. వెలుగు బాగా తగ్గించి, లైటు ఆరే సమయం 15 సెకన్లు పెట్టుకున్నా 25 గంటలు వస్తాయని లెక్క వేసుకోకండి, 18 అనుకుని బయల్దేరండి. ఇంటికొచ్చాక సెల్లులు తీసేయండి. లోపలే మర్చిపోతే ఆల్కలైన్ కారి స్ప్రింగులను తినేస్తుంది. కారిందే అనుకోండి, చెవి పుల్లకు నిమ్మరసం గానీ వెనిగర్ గానీ అద్ది తుడిచి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

మ్యాప్ ఎలా వేయాలో చూద్దాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో గార్మిన్‌కు సరిపడేలా తయారుచేసిన ఉచిత మ్యాపులు దొరుకుతాయి. ఓపెన్‌టోపోమ్యాప్ వాళ్లది కాంటూరు గీతలతో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) సహా వస్తుంది. దేశం మొత్తం ఫైలు దింపుకోవచ్చు, లేదా బీబీబైక్ లాంటి చోట మీకు కావలసిన ముక్క మాత్రం కత్తిరించుకోవచ్చు. 32 జీబీ లోపు మైక్రో ఎస్‌డీ కార్డు తీసుకుని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, అందులో ‘గార్మిన్’ అని ఇంగ్లిషులో ఒక ఫోల్డర్ పెట్టి, డాట్ ఐఎంజీ ఫైలును అందులో వేయండి. పాత యూనిట్లు ‘జీమ్యాప్‌సప్’ అనే ఒక్క పేరునే గుర్తిస్తాయి. జి, ఎం, ఎ, పి తర్వాత ఎస్, యు, రెండు పి-లు. చాలామంది ఒక పి వదిలేసి మ్యాప్ రావడం లేదంటారు. ఈట్రెక్స్‌లో కార్డు చోటు సెల్లుల కింద ఉంటుంది. ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్‌కు పాతకాలపు మినీ యూఎస్‌బీ తీగ కావాలి, ఇప్పటి టైప్-సి గానీ మైక్రో గానీ పట్టదు. పాత డ్యాష్ కెమెరా తీగలు సరిపోతాయి, కానీ ఛార్జింగ్‌కే పనికొచ్చే రకమైతే కంప్యూటర్‌లో యంత్రం కనిపించదు.

మ్యాప్ వేశాక ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ మ్యాప్‌లో అడవి దారి ఉందంటే ఎవరో ఒకరు ఎప్పుడో గీశారని మాత్రమే. చెంచు పెంటల మధ్య కాలిబాటలు చాలావరకు మ్యాపుల్లో లేవు, ఉన్నవి కొన్ని వానాకాలం తర్వాత కనిపించవు. కాంటూరు గీతలు ఎక్కువగా 30 మీటర్ల గడుల ఎత్తు సమాచారం నుంచి పుట్టినవి. పది మీటర్ల నిలువు బండ అందులో మెత్తని వాలులా కనిపించవచ్చు. అందుకే సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 ఓపెన్ సీరీస్ షీటు ఒకటి ముద్రించుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. దానిమీద రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు.

ఈ షీటు చేతిలోకి వస్తే యంత్రంలోని అంకెలకూ షీటు మీది అంకెలకూ పొత్తు కుదరాలి. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే. ఒకే చోటును మూడు రకాలుగా రాస్తారు. 16.0740 డిగ్రీలు అన్నా, 16 డిగ్రీల 04.44 నిమిషాలు అన్నా, 16 డిగ్రీల 04 నిమిషాల 26 సెకన్లు అన్నా ఒకే అక్షాంశం. ఫోన్‌లో మొదటి రకం వస్తుంది, గార్మిన్ మామూలుగా రెండో రకం చూపిస్తుంది. ఫోన్‌లో మిత్రుడు ‘పదహారు పాయింట్ సున్నా ఏడు నాలుగు’ అని చదివితే మీరు 16 డిగ్రీల 07.4 నిమిషాలు అని కొట్టారనుకోండి, సుమారు 5.5 కిలోమీటర్లు ఉత్తరానికి పోతారు. బృందంలో అందరూ ఒకే రకం పెట్టుకోండి. రెండో రకంలో నిమిషం తర్వాత మూడు అంకెలుంటే చాలు, ఆఖరి అంకె విలువ 1.85 మీటర్లు. మూడో రకంలో సెకన్ల తర్వాత దశాంశం రాయకపోతే 31 మీటర్ల గడి అవుతుంది, వాగు మలుపుకు అది చాలదు.

కాగితం మీద గుర్తించాలంటే యూటీఎం సుఖం. అది భూమిని నిలువు మండలాలుగా విడగొట్టి చోటు చెప్పే పద్ధతి, అంకెలన్నీ మీటర్లే. మన ప్రాంతంలో అందులోనూ ఒక మెలిక ఉంది. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు 44వ మండలం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, అరకు ఇందులోనే. అనంతపురం 43లో పడుతుంది, కర్నూలు దాదాపు గీత మీదే ఉంది, పలాస, ఇచ్ఛాపురం 45లోకి వెళ్తాయి. మండలం అంకె పక్కన వచ్చే అక్షరం 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ‘క్యూ’, కింద ‘పి’. శ్రీశైలం 16కు కొద్దిగా పైన ఉంది, అక్కడి నుంచి దక్షిణంగా అహోబిలం వైపు దిగితే క్యూ కాస్తా పి అవుతుంది. నడుస్తుండగా ఉన్నట్టుండి అక్షరం మారితే యంత్రం పాడైందనుకోకండి.

డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలను ఏ కొలత మీద లెక్కవేశారన్నది, డబ్ల్యూజీఎస్ 84 అని ఉండాలి, ఓపెన్ సీరీస్ షీట్లకు అదే. తాతల కాలం టోపో షీట్లు ఎవరెస్ట్ అనే పాత కొలత మీద ఉంటాయి. వాటి మీది అంకెలు నేరుగా యంత్రంలో కొడితే మన దగ్గర వంద మీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. ఒక గట్టుకు ఇటు ఉండాల్సింది అటు పడుతుంది. పాత షీటు కొండల ఆకారం చూసుకోవడానికి మాత్రం వాడుకోండి.

ఇంకొన్ని సెట్టింగులు ఒకసారి పెట్టేస్తే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ‘రోడ్డుకు అతికించు’ అనే లాక్ ఆన్ రోడ్ తీసేయండి, లేకపోతే మీరు రోడ్డు పక్క పొదల్లో ఉన్నా రోడ్డు మీదే చూపిస్తుంది. రూటింగ్‌ను నేరుగా వెళ్లే పద్ధతిలో పెట్టండి. ఉపగ్రహాల సెటప్‌లో జీపీఎస్‌తో పాటు గ్లోనాస్ (రష్యా ఉపగ్రహాలు) ఆన్ చేయండి. అక్కడే డబ్ల్యూఏఏఎస్ అని ఉన్నదాన్ని ఆన్ చేస్తే మన గగన్ సవరణలు, అంటే జీపీఎస్ తప్పును తగ్గించడానికి మన ఉపగ్రహాలు పంపే దిద్దుబాట్లు, అందుతాయి. గగన్ జీశాట్-10 మీద 83 డిగ్రీల తూర్పున ఉంది, మన దగ్గర దక్షిణం వైపు బాగా ఎత్తులో కనిపిస్తుంది, అందువల్ల చెట్ల సందుల్లోంచి కూడా అందే అవకాశం ఎక్కువ. గార్మిన్ ఉపగ్రహాల పేజీలో 40, 41 నంబర్లు గగన్‌వే, కడ్డీల మీద ‘డి’ అక్షరం వచ్చిందంటే సవరణ పడుతున్నట్టు. అక్కడే డెమో మోడ్ అని ఒకటుంది. ఇంట్లో నేర్చుకోవడానికి అది పెట్టుకుని తీయడం మర్చిపోతే అడవిలో కూడా ఉన్నచోటే ఉంటుంది, కంగారు పుట్టిస్తుంది.

ట్రాక్ రికార్డు ఆన్‌లో, మ్యాప్ మీద కనిపించేలా పెట్టండి. మొత్తం 10,000 బిందువులు పడతాయి. పది సెకన్లకోటి పెడితే 27 గంటల నడక పడుతుంది, మన నడక వేగానికి బిందువుల మధ్య 11 మీటర్లు. అడవికి ఇది చాలు. నిండితే పాతవి చెరిగిపోతాయి కాబట్టి ఆటో ఆర్కైవ్ ‘నిండినప్పుడు’ అని ఉంచండి. హైదరాబాద్ నుంచి కారులో వచ్చేటప్పుడు ఆన్‌లోనే ఉంటే ఆ గీతంతా ఇందులో కలుస్తుంది, నడక మొదలుపెట్టే చోట పాత ట్రాక్ తుడిచేయండి.

బయల్దేరే రోజు పని ఇది. యంత్రం చాలా రోజులు ఆఫ్‌లో ఉన్నా, వందల కిలోమీటర్లు కదిలినా, దానికి ఉపగ్రహాల జాడ కొత్తగా తెలియాలి. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరం 30 సెకన్లకోసారి చెబుతుంది, అన్నిటి పట్టిక పూర్తిగా అందాలంటే పన్నెండున్నర నిమిషాలు. అందుకని కారు దిగగానే ఆన్ చేసి, తెర ఆకాశం వైపు ఉండేలా బండ మీదో కారు పైనో పెట్టి, టీ తాగి, సంచులు సర్దుకోండి. పది పదిహేను నిమిషాలు కదపకండి. నడుస్తూ చెట్ల కింద ఆన్ చేసేవాళ్లకే ‘సిగ్నల్ రావట్లేదు’ అన్న బాధ. తర్వాత కారు ఉన్నచోట వేపాయింట్ గుర్తు పెట్టి, పేరు మార్చండి. 001 అని వదిలేస్తే సాయంత్రం 001 కారో, 004 కారో ఎవరికీ గుర్తుండదు.

ఈట్రెక్స్‌లో యాంటెన్నా బల్లపరుపుగా ఉండే పలక, అది తెర ఆకాశం వైపు ఉన్నప్పుడు బాగా వింటుంది. 65ఎస్‌కు పైన చిన్న కొమ్ములా ఉండే యాంటెన్నా, అది నిలువుగా ఉంటే బాగా వింటుంది. రెండిటికీ ప్యాంటు జేబు పనికిరాదు, మనిషి ఒళ్లంతా నీరే, సంకేతాన్ని ఆపేస్తుంది. సంచి భుజం పట్టీకి పైభాగాన తగిలించండి, తాడు కూడా కట్టండి. ఇది నీళ్లలో తేలదు.

దారిలో ఎక్కడ గుర్తు పెట్టాలి అన్నది అనుభవంతో వస్తుంది గానీ ఒక పద్ధతి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు తప్పే అవకాశం ఉన్న చోట గుర్తు పెట్టండి: రెండు వాగులు కలిసే చోటు, పశువుల దారి చీలే చోటు, గట్టు దాటి దిగడం మొదలయ్యే చోటు, నీళ్లున్న గుండం. ఎక్కేటప్పుడు గట్లన్నీ కలుస్తూ వస్తాయి, దిగేటప్పుడు విడిపోతాయి, మీరు పక్క వాగులోకి దిగింది అలాగే అయ్యుంటుంది. గుర్తు పెట్టేటప్పుడు పది సెకన్లు నిలబడి, ఖచ్చితత్వం అంకె చూసి నొక్కండి. 3 మీటర్లు అంటే బాగుంది. లోయలో 15, 20 చూపిస్తే నాలుగడుగులు తెరపి ఉన్న వైపు జరగండి. ఆ అంకె యంత్రం తనకు తాను వేసుకున్న అంచనా, హామీ కాదు. ఒక చోటు మరీ కచ్చితంగా కావాలంటే వేపాయింట్ యావరేజింగ్ వాడి, కనీసం గంటన్నర తేడాతో నాలుగైదు సార్లు అక్కడే కొలవాలి. ఒకేసారి ఐదు నిమిషాలు నిలబడితే ఉపగ్రహాలు దాదాపు అక్కడే ఉంటాయి, తప్పు కూడా అదే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ‘కారు’ అన్న గుర్తును ఎంచి వెళ్లు అని నొక్కకండి. అది తిన్నగా గీత గీస్తుంది. కారు రెండు కిలోమీటర్ల దూరంలో ఉందంటుంది, మధ్యలో నిలువు బండ ఉందని చెప్పదు. ట్రాక్‌బ్యాక్ నొక్కి, వచ్చిన గీత మీదే వెనక్కి రండి. మ్యాప్ పేజీని 80 మీటర్ల స్కేలులో పెట్టుకుంటే గీతకు ఎంత పక్కకు జరిగారో తెలుస్తుంది, 300 పెట్టుకుంటే ఎప్పుడూ గీత మీదే ఉన్నట్టనిపిస్తుంది. ప్రతి అడుగుకీ తెర చూడక్కర్లేదు, ఐదు నిమిషాలకోసారి చాలు. భోజనానికి ఆగినప్పుడు గీత ఒకేచోట సాలెగూడులా అల్లుకుంటుంది, దూరం అరకిలోమీటరు దాకా ఊరికే పెరుగుతుంది. లెక్క కావాలంటే ఆగినప్పుడు రికార్డు ఆపండి, కానీ మళ్లీ పెట్టడం మర్చిపోయే వాళ్లే ఎక్కువ, కాబట్టి ఆపకపోవడమే మేలు.

32ఎక్స్ కొంటే ఎత్తు మీటరు గురించి రెండు ముక్కలు. అది గాలి ఒత్తిడిని కొలుస్తుంది, ఒక మిల్లీబారు తేడా సుమారు 8 మీటర్ల ఎత్తు. మన ఉష్ణ మండలంలో ఏ తుపానూ లేకపోయినా ఒత్తిడి రోజూ ఉదయం పదింటికి పెరిగి సాయంత్రం నాలుగింటికి రెండు మూడు మిల్లీబార్లు తగ్గుతుంది. అంటే కదలకుండా కూర్చున్నా సుమారు 20 మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. ఎత్తు తెలిసిన చోట సరిచేసుకుంటూ ఉండాలి. రైల్వే స్టేషన్ పేరు బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది కదా, అరకు రైలెక్కి వెళ్లేవాళ్లు దిగిన వెంటనే దానితో సరిచేసుకోవచ్చు. రాత్రి గుడారం దగ్గర ఎత్తు 40 మీటర్లు పెరిగినట్టు కనిపిస్తే మాత్రం అది రోజువారీ తేడా కాదు, ఒత్తిడి పడిపోతోంది, వాగు పక్కన పడుకోకండి. దిక్సూచిని సెల్లులు మార్చిన ప్రతిసారీ మళ్లీ తిప్పి సరిచేయాలి, కారు పక్కన, ఫోన్ అయస్కాంతపు కవరు పక్కన కాదు. అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా మన దగ్గర ఒకటి రెండు డిగ్రీలకు మించదు, దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి.

మీ బృందంలో ఎవరో దీనితో పొలం కూడా కొలుచుకోవచ్చా అని అడిగారట. ఏరియా లెక్క ఉంది, కొలుస్తుంది కూడా. కానీ చదరంగా ఉన్న ఎకరానికి ఒక పక్క 63.6 మీటర్లు. నాలుగు గట్లూ రెండేసి మీటర్లు బయటికి జరిగినట్టు చూపించిందంటే ఎకరం కాస్తా ఎకరం పదమూడు సెంట్లవుతుంది, తెలంగాణ లెక్కలో ఐదు గుంటల పైమాట. ఎన్ని బస్తాల విత్తనం కావాలో తెలుసుకోవడానికి సరే. గట్టు తగాదాకు సర్వేయర్ రోవర్ తేవాల్సిందే, ఆ యంత్రం సెంటీమీటర్లలో కొలుస్తుంది.

ఎవరికైనా దెబ్బ తగిలి 108కో, 112కో, రేంజ్ ఆఫీసుకో చెప్పాల్సి వస్తే అంకెలు ఒక్కొక్కటిగా చదవండి, ‘ఉత్తరం ఒకటి ఆరు డిగ్రీలు, సున్నా నాలుగు పాయింట్ నాలుగు నాలుగు సున్నా నిమిషాలు’ అని. ‘డిగ్రీలు’, ‘నిమిషాలు’ అన్న మాటలు వదలకండి, అవతలి మనిషితో తిరిగి చెప్పించుకోండి. సిగ్నల్ ఉన్న చోటుకు ఒకరిని పంపాల్సి వస్తే అంకెలు కాగితం మీద రాసి ఇచ్చి పంపండి.

కొన్నాక తిన్నగా అడవికి వెళ్లకండి. ముందు రెండు ఆదివారాలు ఊళ్లోనే వాడండి. ఇంటి గేటు గుర్తు పెట్టి, తెలియని వీధుల్లో మూడు కిలోమీటర్లు తిరిగి, ట్రాక్‌బ్యాక్‌తో గేటు దాకా రండి. చీకట్లో తెర చూడకుండా సెల్లులు మార్చడం, అప్పుడు ట్రాక్ పోలేదని చూసుకోవడం కూడా అందులోనే చేయండి. బృందంలో ఇద్దరికైనా ఈ పనులన్నీ రావాలి, యంత్రం పట్టుకున్న వాడే బండ మీద జారితే మిగతావాళ్లకు ట్రాక్‌బ్యాక్ ఎక్కడుందో తెలియాలి కదా.